పాపతో పర్లాకిమిడి

గురువారం, హైదరాబాద్

పాపకు ఏడో నెల వచ్చింది. ఆడపిల్లకు బేసి నెలలో అన్నప్రాసన చేయాలని ఒడిశా సరిహద్దులో ఉన్న పర్లాకిమిడిలో అమ్మ ముహూర్తం పెట్టించింది. మాఘమాసం కాబట్టి ఎండలు ఇంకా ముదరలేదు. శంషాబాద్ నుంచి విశాఖకు విమానం, అక్కణ్ణుంచి పర్లాకిమిడికి ట్యాక్సీ. అన్నప్రాసన అయ్యాక బరంపురంలో పిన్ని ఇంటికి కారులో వెళ్లి, బరంపురం నుంచి విశాఖకు రైల్లో వచ్చి, మళ్లీ విమానం ఎక్కాలి. పాపకు ఇదే మొదటి ప్రయాణం.

వారం ముందే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు పూర్తయ్యాయి. తర్వాతి పెద్ద టీకా, తట్టు-రుబెల్లాది, తొమ్మిది నెలలు నిండాకే. జ్వరం మందు ఎన్ని చుక్కలు వేయాలో పాప బరువును బట్టి ఆయన చీటీ మీద రాసిచ్చారు. ఆ చీటీ, థర్మామీటరు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి నా భుజం మీంచి దిగకూడదని నిర్ణయించుకున్నాను. బట్టలు, డైపర్లు అయిపోతే పర్లాకిమిడి బజారులో దొరుకుతాయి. వాటి గురించి బెంగ పెట్టుకోలేదు.

చర్చంతా కారు సీటు గురించే. పిల్లల సీటు అంటే కారు వెనక సీటులో బెల్టుతో బిగించే తొట్టి లాంటిది. ఈ వయసులో పాప మొహం కారు వెనక అద్దం వైపు ఉండేలా బిగించాలి. దాన్ని విమానంలో తీసుకెళ్లి, అక్కడ ట్యాక్సీలో బిగించి, మళ్లీ తమ్ముడి కారులోకి మార్చాలి. అమ్మ ఫోన్‌లో, "ఎత్తుకోడానికి ఇంతమందిమి ఉండగా ఆ కుర్చీ మోసుకురావడం ఎందుకే?" అంది. మా ఆయనకు కూడా మొదట్లో అదే అనుమానం. కాగితం మీద లెక్క వేసి చూపించాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేన్నయినా గుద్దుకుని అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకుందాం. ఆ క్షణంలో లోపలున్న ప్రతిదీ తన బరువుకు దాదాపు ఇరవై రెట్లు బలంతో ముందుకు తోసుకుపోతుంది. ఏడు కిలోల పాపను పట్టుకోవాలంటే 140 కిలోలు ఆపగలిగిన చేతులు కావాలి. అంత బలం ఏ తల్లికీ, ఏ తాతకూ ఉండదు. ఆ కాగితం చూశాక ఆయనే సీటును ప్లాస్టిక్ కవరులో చుట్టి తలుపు పక్కన పెట్టారు.

శుక్రవారం, హైదరాబాద్ నుంచి పర్లాకిమిడి

రెండేళ్లలోపు పిల్లలకు విడిగా సీటు అక్కర్లేదు. ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. ఒక్కో పెద్దవాళ్లకు ఒక్క పాపే. టికెట్టు మాత్రం తీసుకోవాలి, దానికి కొంత ఛార్జీ ఉంటుంది. వయసు రుజువుకు జనన ధృవీకరణ పత్రం కౌంటర్‌లో చూపించాం. కారు సీటును మా సామాను బరువులో కలపకుండా తీసుకున్నారు. ఈ నియమం ఒక్కో విమాన సంస్థకు ఒక్కోలా ఉంటుంది, అందుకే టికెట్టు కొనేటప్పుడే ఫోన్ చేసి కనుక్కున్నాను. సెక్యూరిటీ దగ్గర పాపను ఎత్తుకునే దాటాం. ఫ్లాస్కులో వేడినీళ్లు ఉన్నాయని ముందే చెప్పాను, పాప కోసమని చూసి పంపించేశారు.

మేం మూడు సీట్ల వరుసలో కూర్చున్నాం. పక్క సీటులో ఇంకో బాబుతో ఒకావిడ వచ్చి కూర్చోబోతే, విమాన సిబ్బంది ఆమెను వెనక వరుసకు మార్చారు. ఎందుకని అడిగాను. ఆ వైపు మూడు సీట్లకు పైన నాలుగు ఆక్సిజన్ మాస్కులే ఉంటాయట, అందుకే ఒక వైపు వరుసకు ఒక్క పసిబిడ్డకు మించి కూర్చోబెట్టరు. నా బెల్టుకు తగిలించే చిన్న బెల్టు కూడా వాళ్లే ఇచ్చారు. దాన్ని పాప నడుముకు పెట్టాలి. నా బెల్టులోకే పాపను కూడా కలిపి బిగించకూడదు, కుదుపు వస్తే నా బరువంతా పాప మీద పడుతుంది.

చెవుల గురించి అందరూ భయపెట్టారు. విమానం దిగేటప్పుడు క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పెరుగుతుంది. చెవి లోపలి ఒత్తిడి దానికి సరితూగాలంటే గొంతు వెనక నుంచి చెవికి వెళ్లే సన్నని గొట్టం తెరుచుకోవాలి. మనం గుటక వేసినప్పుడల్లా అది తెరుచుకుంటుంది. మనకైతే ఆవలించడం తెలుసు, చప్పరించడం తెలుసు. పసిపిల్లలకు పాలు తాగడమే దారి. కాబట్టి ఎక్కేటప్పుడు కాకుండా దిగేటప్పుడు పాలిచ్చేలా లెక్క చూసుకున్నాను. చిన్న ప్రయాణం కదా, ఎక్కగానే పాలిస్తే దిగేటప్పటికి కడుపు నిండి ఉంటుంది. ఎక్కేటప్పుడు గిలక్కాయ ఇచ్చి ఆడించాం. దిగడం మొదలైందని ప్రకటన రాగానే కిటికీ వైపు తిరిగి, చున్నీ కప్పుకుని పాలు పట్టాను. చక్రాలు నేలకు తాకే దాకా తాగుతూనే ఉంది. ఏడవలేదు. వెనక వరుసలో ఆ బాబు గుక్కపట్టి ఏడ్చాడు, పాపం, నిద్రలో ఉన్నాడట, లేపడానికి వాళ్లమ్మకు మనసొప్పలేదు. నిద్రలో గుటకలు తక్కువ. దిగే అరగంట ముందు లేపేయడమే మంచిదని డాక్టర్ నాకు ముందే చెప్పి ఉన్నారు.

విశాఖలో ట్యాక్సీ ఎక్కబోతే అసలు పని అక్కడ మొదలైంది. వెనక సీటుకు మెత్తని కవర్ తొడిగి ఉంది. బెల్టులు పైన వేలాడుతున్నాయి గానీ వాటిని గుచ్చే బకిల్స్ కనబడలేదు. అన్నీ కవర్ కింద. డ్రైవర్ శ్రీకాకుళం వైపు మనిషి, మంచివాడు. "ఏటమ్మా, ఇంత పిల్లకి అంత సీటేటి? ఎనకాల బెల్ట్ ఎవులూ ఎట్టుకోరమ్మా" అన్నాడు. కవర్ తీస్తే గానీ ఎక్కమని చెప్పాను. పార్కింగ్‌లోనే కవర్ అంచులు విప్పి, సీటు సందులోంచి బకిల్ పైకి లాగాడు. ఎడమ వైపు సీటులో మా ఆయన మోకాలు ఆనించి, బరువు వేసి, బెల్టు లాగి బిగించారు. బెల్టు దూరిన చోట పట్టుకుని ఊపితే సీటు అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. కదల్లేదు. తర్వాత పాపను కూర్చోబెట్టి, భుజాల పట్టీలు బిగించి, భుజం ఎముక దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూశాను. మడత దొరికితే వదులుగా ఉన్నట్టు. స్వెట్టర్ తీసేసి, పట్టీల పైనుంచి దుప్పటి కప్పాను. మందపాటి బట్టల మీద బిగిస్తే పట్టీ బిగుతుగా ఉన్నట్టు కనిపిస్తుంది, లోపల ఖాళీ ఉంటుంది.

మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు 194బి సెక్షన్ పెట్టారు. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. ఈ మాట డ్రైవర్‌కు చెబితే ఆశ్చర్యపోయాడు. "మా మనవడికి నాలుగేళ్లమ్మా, ముందు సీట్లో నిలబడతాడు" అన్నాడు. ముందు సీటు ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ ఉంటుందని, అది పేలినట్టు తెరుచుకునే వేగానికి పసివాళ్ల మెడ తట్టుకోలేదని దారంతా మాట్లాడుకుంటూ వెళ్లాం. నేను వెనక పాప పక్కనే కూర్చున్నాను.

ఆనందపురం, తగరపువలస, భోగాపురం. గోస్తని వంతెన దాటేసరికి పాప నిద్రపోయింది. ఈ సీటులో ఒకే భంగిమలో ఎక్కువసేపు ఉంచకూడదు. పసిపిల్లల మెడ ముందుకు వాలితే ఊపిరి దారి ఇరుకవుతుంది. రెండు గంటలకు మించొద్దంటారు, మేం గంటన్నరకే ఆగాం. రణస్థలం దగ్గర ఒక హోటల్లో లోపలి గదిలో చాప అడిగి, పాపను పడుకోబెట్టి కాళ్లు ఆడించనిచ్చాం. మళ్లీ నరసన్నపేటలో ఆగాం. అక్కడ జాతీయ రహదారి దిగి 326ఎ పట్టుకుంటే పాతపట్నం మీదుగా పర్లాకిమిడి. పాతపట్నం ఆంధ్రది, పక్కనే పర్లాకిమిడి ఒడిశాది. సరిహద్దు దాటాక కూడా దుకాణాల్లో తెలుగే వినిపిస్తుంది. చీకటి పడకముందే ఇల్లు చేరాం. దారిలో ఆగింది కలుపుకుంటే మామూలుగా పట్టే దానికంటే గంటన్నర ఎక్కువ పట్టింది. పసిబిడ్డతో బయల్దేరేవాళ్లు ఆ గంటన్నరను ముందే లెక్కలో వేసుకోవాలి.

శనివారం, పర్లాకిమిడి

ప్రయాణాలు లేవు. ఈ ఊరున్న గజపతి, పక్కన రాయగడ, కోరాపుట్ కొండ జిల్లాల్లో మలేరియా ఎప్పటి నుంచో ఉంది. 2017 నుంచి ఒడిశా ప్రభుత్వం 'దమన్' పేరుతో ఆ కొండ పల్లెల్లో పరీక్షలు, మందులు, మందు పూసిన దోమతెరలు అందిస్తోంది. పట్టణంలో దోమలు తక్కువే అని నాన్న అన్నారు. అయినా సాయంత్రం ఐదు గంటలకే పాపను దోమతెరలో పెట్టాం, అంచులు పరుపు కిందకు దోపి. ఒంటికి నిండు చేతుల బట్టలు వేశాం. అగరుబత్తీల్లా వెలిగించే దోమల చుట్టలు పసివాళ్ల గదిలో వద్దని అమ్మకు చెప్పి బయట వరండాలో పెట్టించాను. కొత్త చోటు కదా, రాత్రి రెండుసార్లు లేచింది. అంతే.

ఆదివారం, అన్నప్రాసన

పొద్దున్నే వాకిట్లో ముగ్గు, మామిడి తోరణాలు. పీట మీద తమ్ముడు కూర్చుని మేనకోడల్ని ఒళ్లో పెట్టుకున్నాడు. ఎదురింటి ఒడియా వాళ్ల పెద్దావిడ కొత్త గౌను తెచ్చి, మొదటి ముద్ద దాకా కూర్చున్నారు. వాళ్లింట్లోనూ ఈ వేడుక ఉంది, పేరూ ఇదే.

పురోహితులవారు వెండి గిన్నెలో పరమాన్నం పక్కనే తేనె సీసా పెట్టించారు. ముందు నాలుకకు తేనె రాయాలని నానమ్మ. ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టకూడదు. తేనెలో ఒక రకం బ్యాక్టీరియా గింజల రూపంలో ఉండవచ్చు. పెద్దవాళ్ల పేగుల్లో అది ఏమీ చేయలేదు, పసివాళ్ల పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తుంది. కండరాలు చచ్చుబడిపోతాయి, ఊపిరి కూడా కష్టమవుతుంది. దీన్ని బొటులిజం అంటారు. ఇది అరుదు. అరుదే అయినా, చుక్క తేనె కోసం ఆ ప్రమాదం తెచ్చుకోవాలా? నేను నానమ్మ పక్కన కూర్చుని ఈ మాటే మెల్లగా చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అలాగైతే దేవుడికి నైవేద్యం పెట్టి, మనం తిందాం" అన్నారు. పురోహితులవారు కూడా నెయ్యి సరిపోతుందన్నారు. బంగారపు ఉంగరాన్ని వేడినీళ్లలో కడిగి, దాని అంచుతో పరమాన్నం రవ్వంత నాలుకకు తాకించాడు తమ్ముడు. పాప మొహం చిట్లించి, తర్వాత నాలుక చాచింది. ఇల్లంతా ఒకటే నవ్వులు.

అందరూ తలో ముద్ద పెట్టాలని ముందుకొచ్చారు. ఇక్కడ అమ్మే అడ్డుపడింది. మిగతావాళ్లు పాప చేతికి గోరువెచ్చని మెత్తన్నం తాకించి అక్షింతలు వేశారు. పుస్తకం, కలం, బంగారం, గరిట ఎదురుగా పెడితే గరిట పట్టుకుంది. నానమ్మ ఎంత సంబరపడ్డారో.

సోమవారం, ఊళ్లో

పాపను గుడ్డతో కట్టుకుని నాన్నతో ఊరు తిరిగాను. గజపతుల కోట ముందు ఆగాం. ఈ జిల్లాకు పేరు వచ్చింది ఇక్కడి రాజు కృష్ణచంద్ర గజపతి వల్ల. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రంగా ఏర్పడటానికి పనిచేసినవారిలో ఆయన ముఖ్యుడు, దానికి మొదటి ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి పదవి లాంటిది) ఆయనే. 1992లో గంజాం నుంచి విడదీసి గజపతి జిల్లా చేశారు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లోనే పిల్లలకు పాఠాలు చెప్పారు. ఇక్కడే కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ల కోసం పుస్తకాలు రాశారు. పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. నాన్న ఈ కథ చెప్పేటప్పుడు ఆయన గొంతు ఇప్పటికీ మారుతుంది.

బజారులో సవర ఆడవాళ్లు పిల్లల్ని వీపున కట్టుకుని చింతపండు, కొండచీపుర్లు అమ్ముతున్నారు. ఒకావిడ నా కట్టు చూసి, గుడ్డను పైకి లాగి బిగించి చూపించింది. ఆ చేతిలో ఎంత అనుభవమో. పాప మొహం ఎప్పుడూ కనబడాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు, తల నేను వంగితే ముద్దు పెట్టుకునేంత ఎత్తులో ఉండాలి అని నేను చదువుకున్నవన్నీ ఆవిడ బిగించిన కట్టులో ఉన్నాయి.

మంగళవారం, పర్లాకిమిడి నుంచి బరంపురం

మోహన మీదుగా వెళ్తే కొండదారి, తప్తపాణి వేడినీటి బుగ్గ కూడా దారిలోనే. చూడాలని ఉన్నా, మలుపులు ఎక్కువ, పాపకు ఏమైనా అయితే ఆగడానికి ఊళ్లు తక్కువ. టెక్కలి దగ్గర జాతీయ రహదారి ఎక్కి వెళ్దామన్నాను.

తమ్ముడి కారు. నాన్న ముందు సీటులో కూర్చుని రెండు చేతులూ చాచారు. "పాపను ఇలా ఇవ్వు, దారంతా చూపిస్తాను. మిమ్మల్నిద్దర్నీ ఒళ్లో పెట్టుకునే కదా విశాఖ దాకా తిప్పాను, ఏమైంది?" అన్నారు. నాన్నకు ఎదురు చెప్పడం నాకు కష్టం. ఆయన ప్రేమతో అడుగుతున్నారు. అప్పుడు తమ్ముడు ఒక పని చేశాడు. పిన్నికి తీసుకెళ్తున్న బియ్యం సంచి పాప బరువే ఉంటుంది. దాన్ని నాన్న ఒళ్లో పెట్టి, బెల్టు పెట్టుకోమన్నాడు. ఊరు దాటాక ఖాళీ దారిలో వెనకాముందూ ఎవరూ లేరని చూసుకుని, ముప్పై వేగంలో గట్టిగా బ్రేక్ వేశాడు. పాపతో నేను, మా ఆయన, అమ్మ కిందే నిలబడి చూస్తున్నాం. సంచి నాన్న చేతుల్లోంచి జారి డాష్‌బోర్డుకు కొట్టుకుని కాళ్ల దగ్గర పడింది. అది ఉత్త బ్రేకు, గుద్దుకోవడం కాదు.

నాన్న దిగివచ్చి ఏమీ అనలేదు. పాపను నా చేతుల్లోంచి తీసుకుని, వెనక సీటులో తనే కూర్చోబెట్టారు. పట్టీలు ఎలా బిగించాలో అడిగారు. భుజం దగ్గర గిల్లి చూడటం కూడా నేర్చుకున్నారు. ముందు సీటు మా ఆయనకిచ్చి తను వెనక పాప పక్కన కూర్చున్నారు, నేనూ అమ్మా ఇరుక్కుని ఇవతల. బరంపురం దాకా పాటలు పాడుతూనే ఉన్నారు.

పలాసలో జీడిపప్పు కోసం ఆగాం. పాప నిద్రలో ఉంది, ఏసీ వేసి ఉంచి ఐదు నిమిషాల్లో వచ్చేద్దామన్నాడు తమ్ముడు. అద్దాలు మూసిన కారు ఎండలో ఆగితే పది నిమిషాల్లోనే లోపలి వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది, ఇంజన్ ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం. పసివాళ్ల ఒళ్లు మనకంటే చాలా త్వరగా వేడెక్కుతుంది. నేను పాపతో దిగాను. నిద్ర చెడింది, కాసేపు ఏడ్చింది, పర్వాలేదు. కొట్టువాడు ముద్దుగా పాప చేతిలో జీడిపప్పు పెట్టబోతే నాన్నే ఆపారు, గొంతుకు అడ్డుపడుతుందని. సోంపేట, ఇచ్ఛాపురం, బాహుదా నది, గిరిసోల, మళ్లీ ఒడిశా.

బుధవారం, బరంపురం

పిన్ని వీధిలో సగం ఇళ్లు తెలుగువాళ్లవే. వి.వి.గిరి పుట్టింది ఈ ఊళ్లోనే. పాపకు పట్టు పరికిణీ గుడ్డ కొన్నాం. సాయంత్రం ఎండ తగ్గాక గోపాల్‌పూర్ సముద్రం దగ్గరికి వెళ్లి, గాలి ఎక్కువగా ఉంటే పావుగంటలో వెనక్కి వచ్చేశాం.

గురువారం, తిరుగు ప్రయాణం

బరంపురం స్టేషన్‌లో పొద్దున్నే రైలెక్కాం. ఐదేళ్లలోపు పిల్లలకు విడిగా బెర్తు అడగకపోతే టికెట్టు అక్కర్లేదు. కింది బెర్తు గోడ వైపు పాపను పడుకోబెట్టి, ఇవతల నేను అడ్డంగా కూర్చున్నాను. పసిబిడ్డకు దూర ప్రయాణంలో రైలే మేలు అనిపించింది. ఒళ్లు చాచుకుంటుంది, బట్ట మార్చడానికి ఆగక్కర్లేదు, ఏడిస్తే ఎత్తుకుని నడవొచ్చు. పర్లాకిమిడి నుంచి కూడా గుణుపురం లైనులో విశాఖకు రైలు ఉంది. 1900లో రాజావారు నౌపడ నుంచి వేయించిన చిన్న రైలు దారి అది, ఇప్పుడు బ్రాడ్‌గేజ్. పాప కాస్త పెద్దయ్యాక ఆ దారిలోనే వెళ్లాలి.

సాయంత్రం విమానంలో దిగేటప్పుడు పాప పాలు తాగలేదు, ఆటలో పడింది. మెత్తగా ఉడికించిన కారెట్ గుజ్జు చెంచా అంచుతో కొద్దికొద్దిగా పెట్టాను. గుటక పడితే చాలు, అది పాలతోనే కానక్కర్లేదు. శంషాబాద్‌లో క్యాబ్ వచ్చేలోపు మా ఆయన బెల్టు, బకిల్ ఉన్నాయా అని డ్రైవర్‌ను ఫోన్‌లోనే అడిగారు.

ఇల్లు చేరి ఫోన్ చేస్తే నాన్న ఎత్తారు. తమ్ముడి కారుకు ఇంకో పిల్లల సీటు కొంటున్నారట, ఏ సైజు కావాలో పాప బరువు, పొడవు చెప్పమన్నారు. తొమ్మిదో నెల టీకా వేయించాక మళ్లీ వస్తామని చెప్పాను.